గ్రీకు తత్వవేత్తలు అందాన్నీ మంచినీ ఒకటే అనుకున్నారా?

పాతపుస్తకం:
గ్రీకులకు అందగాడంటే మంచివాడే అని చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను. అది ఏథెన్సు పెద్దింటి కుటుంబాల నమ్మకం, దాన్ని తత్వవేత్తలకు అంటగట్టకూడదు. సోక్రటీసునే చూడండి. ఉబ్బిన కళ్లు, చప్పిడి ముక్కు, బాన పొట్ట. ప్లేటో 'సింపోజియం'లో ఆల్కిబయాడిస్ తప్పతాగి వచ్చి, ఈయన సైలీనస్ అనే కురూపి వనదేవత బొమ్మ లాంటివాడు, పైకి వికారం, తెరిస్తే లోపల దేవతా విగ్రహాలు అంటాడు. ఆ మాట అన్నవాడేమో ఊరికంతటికీ అందగాడు. క్రీ.పూ. 415లో సిసిలీ దండయాత్రకు సేనానిగా వెళ్లి, విచారణకు పిలిస్తే తప్పించుకుని శత్రువైన స్పార్టా పంచన చేరాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడండి.

గోదారిగట్టు:
పాతపుస్తకం గారూ, అదే పుస్తకంలో సోక్రటీసుకు గురువైన డయోటిమా అనే ఆవిడ ప్రేమ గురించి చెప్పింది వదిలేశారేం? ఒక అందమైన దేహంతో మొదలైన ప్రేమ దేహాలన్నిటికీ, ఆపైన మనసులకూ చట్టాలకూ చదువులకూ ఎక్కి, చివరికి మార్పులేని అందాన్ని చూస్తుంది. అది చూసినవాడికే నిజమైన సద్గుణం పుడుతుందంటుంది ఆవిడ. ప్లేటో బంధం తెంచలేదండీ, ముఖం నుంచి విప్పి ఆత్మకు కట్టాడు.

రాత్రిషిఫ్టు:
ఆత్మ అందం అంటే ఇక దేన్నైనా దాటేయొచ్చు. ప్లేటోదే 'గోర్గియాస్' అనే సంభాషణలో పోలస్ అనే వక్త సోక్రటీసును సూటిగా అడుగుతాడు: అన్యాయం చేయడం సిగ్గుచేటే, కానీ నష్టపోయేది అన్యాయానికి గురైనవాడు కదా? మనలో చాలామంది మనసులో మాట అదే. సోక్రటీసు ఏం చేశాడు? అందమైనది సుఖాన్నో మేలునో ఇస్తుందని ముందు ఒప్పించాడు. అయితే అందానికి ఎదురైన సిగ్గుచేటు పనిలో బాధో కీడో ఎక్కువుండాలి. చేసేవాడికి బాధ ఎక్కువ లేదు, కాబట్టి కీడే ఎక్కువ అని తేల్చేశాడు. కీడు ఎవరికి? చేసేవాడికా, ఊరికా? పోలస్ అది అడక్కుండా ఇరుక్కున్నాడు. నాకైతే ఇది లాయర్ పాయింటు.

గోదారిగట్టు:
పోలస్ మొహమాటానికి పోయి ఒప్పుకున్నాడని ఆ సంభాషణలోనే ఉన్న కాలిక్లీస్ అనేవాడు వెంటనే అంటాడు కదండీ. తన వాదంలో ఎక్కడ పట్టుకుంటారో ప్లేటోకు తెలుసు.

ఇసుకతిన్నె:
మీరంతా ప్లేటో దగ్గరే తిరుగుతున్నారు. ఈ రెండూ వేరని అరిస్టాటిల్ 'మెటాఫిజిక్స్'లో నేరుగా రాశాడు. మంచి ఉండేది చేసే పనుల్లో. అందం కదలని వాటిలోనూ ఉంటుంది, గణితంలో కూడా. క్రమం, పొందిక, కచ్చితమైన హద్దు, ఇవే దాని రూపాలు. మళ్లీ ఆయనే, మరీ కురూపి అయినవాడు పూర్తి సుఖి కాలేడని నీతిశాస్త్రంలో అంటాడు. అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఇక సోక్రటీసు గురించి రాసిన ఇంకో శిష్యుడు జెనోఫన్ చూపించే సోక్రటీసైతే, పనికొస్తే పేడబుట్ట కూడా అందమైనదే, పనికిరాకపోతే బంగారు డాలు కూడా వికారమే అంటాడు. వీళ్లందరినీ కలిపి 'గ్రీకులు ఇలా అనుకున్నారు' అనడమే అసలు తప్పు.

పాతపుస్తకం:
గోదారిగట్టు గారూ, ప్లేటో రాసిన 'ఖార్మిడీస్' గుర్తుందా? ఖార్మిడీస్ అనే ఆ కుర్రాడి అందానికి అక్కడున్న వాళ్లందరూ నోరెళ్లబెడితే, ముందు వాడి ఆత్మను విప్పి చూద్దాం అంటాడు సోక్రటీసు. పెద్దయ్యాక ఆ కుర్రాడు ఏథెన్సును ఏలిన ముప్పైమంది నిరంకుశుల పక్షాన నిలిచి క్రీ.పూ. 403లో పోరులో చచ్చాడు. ప్లేటోకు స్వయానా మేనమామ. తెలిసి తెలిసి అందం మంచికి గుర్తని రాస్తాడా?

గోదారిగట్టు:
ముఖం గుర్తని నేను ఎక్కడన్నానండీ? ఆత్మను చూద్దాం అన్నాక, ఆ ఆత్మ అందంగా ఉందా లేదా అన్నదే కదా ఆయన వెతికింది! మీ ఉదాహరణ నా వైపే ఉంది.

రాత్రిషిఫ్టు:
అందంగా ఉందో లేదో తేలకుండానే ఆ సంభాషణ ముగిసిపోయింది మరి.