1/24 అంబాసిడర్ ఇంజిన్: ప్లగ్ వైర్లు వైర్లలా వేలాడాలంటే ఏం చేయాలి?

బెజవాడ_బానెట్

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. పగలంతా ఆఫీసు, రాత్రి తొమ్మిది దాటాక డైనింగ్ టేబుల్ మీద అంబాసిడర్. 1/24 స్కేలు. అసలు బండి పొడవు 4325 మి.మీ., నాది 180. బాడీ 3డి ప్రింట్ చేయించాను, దాని గొడవ లేదు. ఇంజిన్ మాత్రం మొత్తం చేత్తోనే కట్టాలని పంతం.

పంతం ఎందుకంటే, మా నాన్న రైల్వే స్టేషన్ దగ్గర పందొమ్మిదేళ్లు టాక్సీ తోలాడు. 1982 మోడల్, మార్క్ 4. కిందటేడు షోకేసులోకి ఒక బొమ్మ అంబాసిడర్ తెస్తే చేతిలోకి తీసుకుని మొదట చేసిన పని, గోటితో బానెట్ ఎత్తబోవడం. అది లేవలేదు. పక్కన పెట్టేశాడు.

ఇప్పటిదాకా అయినవి: బ్లాకుకు 1 మి.మీ. స్టైరీన్ ప్లాస్టిక్ షీటు ముక్కలు పేర్చి థిన్నర్‌తో అతికించాను, మూలల్లో ఎంసీల్. ఫ్యాను కూల్‌డ్రింక్ డబ్బా రేకు, అది 0.1 మి.మీ. ఉంటుంది. ఇంజిన్ నెత్తిన ఉండే మూత, అదే రాకర్ కవర్, నాలుగోసారికి కుదిరింది. మొదటి మూడూ ఇడ్లీల్లా ఉబ్బాయి. బోల్టు తలలు మాత్రం గుండ్రంగానే వదిలేశాను. అరంగుళం పానా పట్టే బోల్టు ఈ స్కేల్లో 0.53 మి.మీ., దానికి ఆరు పలకలు తీసినా చూసే కన్నేదీ? ప్లాస్టిక్ మోడల్ కిట్టులో ముక్కల్ని పట్టి ఉంచే ఫ్రేము కడ్డీని కొవ్వొత్తి మీద వేడిచేసి లాగి, ఆ పోగును బ్లేడుతో చక్రాలుగా కోశాను.

చిక్కంతా ప్లగ్ వైర్ల దగ్గర, అంటే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు తెచ్చే వైర్లు. అసలు వైరు 7 మి.మీ. మందం, అంటే నాకు 0.3 కావాలి. వన్ టౌన్‌లో తెలిసిన కంసాలి ఒకాయన ఇత్తడి తీగని కమ్మచ్చులో (తీగను సన్నబరిచే రంధ్రాల పలక) లాగి సరిగ్గా 0.3కి దించి ఇచ్చాడు. మందం బ్రహ్మాండం. కానీ వంచితే స్ప్రింగులా లేస్తోంది, బలవంతంగా వంచితే మూల తిరుగుతోంది. రబ్బరు వైరులా కాక కిటికీ ఊచలా ఉంది. పైగా నల్లరంగు వేస్తే వంపు దగ్గర పెచ్చులూడుతోంది. ఎవరైనా దారి చెప్పండి. హెడ్డు (ప్లగ్గులు బిగించే ఇంజిన్ పై భాగం) ఫొటోలు రెండు కింద పెట్టాను. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంకా అతికించలేదు.

లేయర్_లైన్

బ్రో, ఇంజిన్ కూడా రెసిన్ ప్రింట్ చేసేస్తే రెండు గంటల్లో అయిపోయేది కదా. వైర్లతో సహా.

బెజవాడ_బానెట్

వైర్లతో సహా ప్రింట్ చేసిన ఇంజిన్ ఒకటి చూశానండీ. వైర్ల కింద సపోర్టులు కత్తిరించిన మచ్చలు, పైన వైర్లు హెడ్డుకి అతుక్కుపోయిన వానపాముల్లా. మీది బాగా వచ్చి ఉంటే ఫొటో పెట్టండి, నిజంగానే చూస్తాను.

పాత_పానా

అబ్బాయ్, నేను ఆటోనగర్లో నలభై ఏళ్లు చేశాను. ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు, మా మనవడు ఫొటోలు పెద్దవి చేసి చూపించాడు. టైపు చేసేదీ వాడే.

ముందు ఒకటి చెప్పు. బండి పెట్రోలా డీజిలా? డీజిలైతే ప్లగ్ వైర్లే ఉండవు, నీ కష్టం అక్కడితో తీరిపోతుంది.

బెజవాడ_బానెట్

పెట్రోలేనండీ, 1489 సీసీ. నాన్న చివరిదాకా డీజిల్‌కి మార్చలేదు. ఆ చప్పుడు పడదు ఆయనకి.

పాత_పానా

అయితే విను, కోపం తెచ్చుకోకు. వైర్ల సంగతి తర్వాత, నీ ప్లగ్గులే తప్పు పక్కన ఉన్నాయి. ఈ ఇంజిన్‌కి ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ డ్రైవరు వైపు. కార్బొరేటరూ, సైలెన్సరుకి పొగ పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డూ రెండూ అవతల, ఎడం వైపు. నువ్వు రేడియేటర్ ముందు నిలబడి తీసిన ఫొటో చూసి చేసుంటావ్. ఆ ఫొటోలో ఎడంగా కనపడేది బండికి కుడి. మా దగ్గర కొత్త కుర్రాళ్లు కూడా ఇట్టాగే తడబడేవాళ్లు. అందుకే మేము ఎడమా కుడా అనేవాళ్లం కాదు, డ్రైవరు సైడు, క్లీనరు సైడు అనేవాళ్లం.

ఇంకోటి. వైర్లు నీ ఇష్టం వచ్చినట్టు తగిలిస్తే కుదరదు. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. ఒకటో సిలిండరు రేడియేటర్ పక్కది. పైనుంచి చూస్తే డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ గడియారానికి ఎదురు తిరుగుతుంది. ఆ వరసలో 1, 3, 4, 2 పెట్టుకుంటూ రా. నడిమధ్యలోది కాయిల్‌కి. అంటే మొత్తం ఐదు వైర్లు. వరస సరిగ్గా పెడితే వైర్లు ఒకదాని మీదుగా ఒకటి ఎక్కడ దాటాలో అక్కడే దాటతాయి, బానెట్ ఎత్తినోడికి అదే కనపడేది. నాలుగూ వరసాగ్గా దువ్విన జడలా పోతుంటే అది ఇంజిన్ కాదు, పెళ్లి పందిరి.

బెజవాడ_బానెట్

చచ్చాను. మీరన్నదే నిజం, ఫొటో ముందు నుంచి తీసిందే. నాన్నకి చూపించలేదు ఇంకా, కాటరాక్ట్ ఆపరేషన్ అయ్యాక చూపిద్దామని ఆగాను. బతికిపోయాను. ఇప్పుడు హెడ్డు మళ్లీ మొదట్నించీ చేయాలా? ప్లగ్ రంధ్రాలు 0.7తో తీయడానికే రెండు డ్రిల్లులు విరిగాయి.

పళ్ళ_మూస

గుంటూరు కొత్తపేట నుంచి. నేను డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్ని, కట్టుడు పళ్లు చేస్తాను. కార్లు చేయను గానీ రైలింజన్లు చేస్తాను.

హెడ్డు పారేయక్కర్లేదండీ. ఊడదీసి సగం చుట్టు తిప్పి పెట్టండి. ప్లగ్గుల వైపు డ్రైవరు సైడుకి వచ్చేస్తుంది, రెండు ఇన్‌లెట్ పోర్టులూ మూడు ఎగ్జాస్ట్ పోర్టులూ అవతలికి పోతాయి. అయితే ముందు వెనకవుతుంది కాబట్టి థర్మోస్టాట్ మూత కోసి మళ్లీ ముందు వైపు అతికించాలి. అదొక్కటే పని. డిస్ట్రిబ్యూటర్ పెట్టకపోవడం మీ అదృష్టం.

ఇక తీగ. తప్పు కంసాలిది కాదు, కమ్మచ్చుది. ఒక్కో రంధ్రంలోంచి లాగినకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. కంసాలులైతే మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. మీకు ఆఖర్న కాల్చకుండా ఇచ్చి ఉంటారు. కాల్చి చూడొచ్చు గానీ 0.3 తీగ మంటలో రెప్పపాటులో కరుగుతుంది, నేనే మూడు పోగొట్టుకున్నాను. మీకు ఇత్తడి అక్కర్లేదు. మోటార్ వైండింగ్ షాపుకెళ్లి 32 గేజ్ రాగి వైరు నాలుగు మూరలు అడగండి. ఊరికే ఇస్తారు. రాగి 0.27, పైన ఎనామిల్‌తో 0.3 అవుతుంది. మెత్తగా కాల్చిన వైరే కాబట్టి ఎటు వంచితే అటు ఉంటుంది.

చేత్తో వంచొద్దు. ముందు ఒక కొస పట్టకారుతో బిగించి రెండో కొస కొంచెం లాగండి, సాగి తిన్నగా వస్తుంది. తర్వాత రెండు గాజు పలకల మధ్య దొర్లించండి. అప్పుడు 4 మి.మీ. డ్రిల్లు వెనక కాడ మీద చుట్టి వదిలేస్తే రబ్బరు వైరు బరువుకి వేలాడిన వంపు వస్తుంది. వంపులన్నీ అయిపోయాకే రంగు. మాట్ నలుపు, పల్చగా, రెండు పూతలు. రంగు వేసి వంచితే ఎనామిల్ మీద ఏ రంగూ నిలవదు.

ప్లగ్ మీద టోపీలకి నా దగ్గర మందు ఉంది: నీలం మొన ఉన్న ఇంజెక్షన్ సూది, 23 గేజ్. బయట 0.64, లోపల 0.34 దాకా ఉంటుంది. మీ వైరు అందులోకి సరిగ్గా దిగుతుంది. 0.64ని 24తో గుణించండి, 15 మి.మీ. పైచిలుకు. అసలు టోపీ లావు అంతే కదా? సూదిని కట్టర్‌తో కత్తిరిస్తే నోరు మూసుకుపోతుంది. నేను ల్యాబులో డిస్కుతో కోస్తాను. మీ దగ్గర లేకపోతే ఆకురాయి అంచుతో చుట్టూ గాటు పెట్టి విరవండి. కొత్త సూదే వాడండి, కళ్లజోడు పెట్టుకోండి, ముక్క ఎగిరిందంటే ఎక్కడ తేలుతుందో తెలీదు.

ఫెవిక్విక్ నేరుగా చుక్క వేయకండి, చుట్టూ తెల్లగా బూజు పట్టినట్టు అవుతుంది. గుండుసూది మొనతో అద్దండి.

పాత_పానా

ఈ గుంటూరాయన చెప్పింది బాగుంది. రంగు గురించి నాదో మాట. ఎగ్జాస్ట్ మానిఫోల్డు నల్లగా వేయకు. పోత ఇనుము, వేడికి కాలి కాలి తుప్పు రంగు తిరుగుతుంది. నెత్తిన మెత్తటి ఇటుక పొడి పాముకో. రాకర్ కవర్ మీద ఆయిల్ పోసే మూత చుట్టూ మాత్రం జిడ్డు మచ్చ ఉండాలి, టాక్సీ కదా.

బెజవాడ_బానెట్

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి.

హెడ్డు తిప్పాను. థర్మోస్టాట్ మూత ఊడేటప్పుడు రెండు ముక్కలైంది, కొత్తది చేశాను. వైండింగ్ షాపాయన డబ్బులు తీసుకోలేదు గానీ అరగంట కూర్చోబెట్టి ఎందుకో చెప్పించుకున్నాడు. టోపీలు నాలుగు కావాలంటే సూదులు తొమ్మిది పోయాయి. వైర్లు ఐదూ పెట్టాను, 1-3-4-2, కాయిల్‌ది మధ్యలో. రెండోదీ మూడోదీ నిజంగానే ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగాయి పానా గారూ, నేను ఏమీ సర్దలేదు.

నాన్నకి కట్టు విప్పి వారమైంది. నిన్న రాత్రి భూతద్దం ఇచ్చి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. వేలు పెట్టకుండా అగ్గిపుల్లతో ఒక్కో వైరూ ప్లగ్ నుంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ దాకా లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. తర్వాత, "కార్బొరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వాక్యూం పైపు ఏదిరా? అది లేకుండా పికప్ ఎట్టా వస్తుంది?" అన్నాడు.

దానికి 36 గేజ్ సరిపోతుందా? 0.19 అవుతుంది. ఇంజిన్ ఇవతల నుంచి అవతలికి ఏ దారిన వెళ్తుందో కొంచెం చెప్పండి పానా గారూ, ఈసారి అతికించక ముందే అడుగుతున్నాను.