రోడ్డు మరణాలు పెరిగాయా, తగ్గాయా? ఏ లెక్క చూడాలి?

మారతహళ్లి శ్రీను:
2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బెంగళూరు వచ్చే బస్సు కాలిపోయినప్పటి నుంచీ ఇక్కడ బెంగళూరులో మా ఆఫీసు తెలుగువాళ్లందరిదీ ఒకటే మాట, రోడ్లు ఘోరమైపోయాయని. నేను ఒప్పుకోను. 1970లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు సుమారు 14,500. 2022లో 1,68,491. నిజమే, పదకొండింతలు దాటింది. కానీ అప్పుడు దేశం మొత్తానికి వాహనాలు 14 లక్షలు, ఇప్పుడు 30 కోట్లు దాటాయి. పదివేల వాహనాలకు వంద మంది పోయేవాళ్లు, ఇప్పుడు అయిదుగురు. ఇది మెరుగుదల కాదా?

సీమ పద్మ:
శ్రీను గారూ, గుణకారం, భాగహారం బాగానే చేశారు. భాగించింది దేనితో అన్నదే నా గొడవ. జనాభాతో భాగించండి. 1970లో లక్ష మందికి ముగ్గురు కూడా లేరు, 2022లో పన్నెండు మంది. మనిషిగా నాకు ప్రమాదం నాలుగింతలైంది. జనం స్కూటర్లు కొనేకొద్దీ వాహనానికి ఇన్ని మరణాలనే లెక్క దానంతటదే దిగుతుంది. బ్రిటన్‌లో స్మీడ్ అనే ఆయన 1949లోనే ఇది చూపించాడు. అందులో మన ప్రభుత్వాల గొప్ప ఏమీ లేదు.

ఇంకో సంగతి. 2022లో పోయినవాళ్లలో 44 శాతం పైన టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు, దాదాపు 20 శాతం నడిచి వెళ్లేవాళ్లు. రింగ్ రోడ్డు దాటడానికి పిల్లాడి చెయ్యి పట్టుకుని డివైడర్ మీద నిలబడ్డ ఆవిడకి బండే లేదు. మీ లెక్కలో ఆవిడ చనిపోతే పైన మరణాల్లో కలుస్తుంది, కింద వాహనాల్లో మాత్రం ఎక్కడా ఉండదు. బస్సు కాలితే వారం రోజులు టీవీలో చూపిస్తారు. రోజుకి 460 మంది పోతున్నారంటే ఎవరికీ టెన్షన్ లేదు.

కేఆర్ పురం కేశవ:
అక్కా, మైసూరు హైవే చూడండి. 2023 ఆగస్టులో బైకులు, ఆటోలు ఆపేశారు, తర్వాత స్పీడు కెమెరాలు పెట్టారు. 2024లో మరణాలు బాగా తగ్గాయని పోలీసులే చెప్పారు. చేస్తే అవుతుంది.

మారతహళ్లి శ్రీను:
బైకువాణ్ణి సర్వీసు రోడ్డు మీదికి తోలేస్తే హైవే లెక్క తగ్గక ఏమవుతుంది బ్రో? కెమెరాల మాట వేరు, అది ఒప్పుకుంటా. పద్మ గారూ, జనాభా లెక్కలో కూడా లోపం ఉంది. 1970లో మా తాత ఊరు దాటిందే తక్కువ. ఇప్పుడు శుక్రవారం వస్తే సగం మారతహళ్లి అనంతపురం, కడప బస్సుల్లోనే ఉంటుంది. తిరుగుడు పెరిగితే ప్రమాదం పెరగదా?

సీమ పద్మ:
తిరుగుడు జపానులో పెరగలేదా? 1970లో వాళ్ల దగ్గర పోయినవాళ్లు 16,765 మంది, మనకన్నా ఎక్కువ. ఆ తర్వాత కార్లు ఎన్ని రెట్లయ్యాయో మీకు తెలుసు. 2022లో మరణాలు 2,610. వాళ్లకి తగ్గింది భాగహారంలో కాదు, అసలు సంఖ్యే.

కేశవ:
వాళ్లు ప్రమాదం జరిగిన 24 గంటల్లో పోయినవాళ్లనే లెక్కేస్తారక్కా. మనది 30 రోజులు.

సీమ పద్మ:
30 రోజులు వేసినా నాలుగు వేలు దాటదు తమ్ముడూ.