ఇంటర్వ్యూ ఆడియోలో "అంటే", "ఆఁ", "అన్నట్టు" లాంటివి ఎంతవరకు తీసేయాలి?

ఓరుగల్లు_శ్రోత:

అందరికి నమస్తే. ఆడియో ఎడిటింగ్ చేసేటోళ్లు కొంచెం ఓపికతోని చదవుండ్రి, ప్రశ్న జర పెద్దగున్నది.

మా కాలనీల ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ సార్ ఉన్నరు, ఏండ్లకేండ్లు హన్మకొండ నుంచి ములుగు మీదికెళ్లి ఏటూరునాగారం రూట్ల బండి నడిపిన మనిషి. పాడ్‌కాస్ట్ లెక్క పెడదామని ఆయనతోని గంటకు పైన రికార్డ్ చేసిన. చెప్పిన ముచ్చట్లు మాత్రం బంగారం, అడవిల రాత్రి బండి ఆగిపోతే ఏం చేసేటోళ్లు, మేడారం జాతరకు స్పెషల్ బస్సులు ఎట్ల నడిపిండ్రు, ఇవన్నీ ఎవలూ రాసిపెట్టని సంగతులు. కానీ మాట నిండ ఫిల్లర్సే, అంటే ఆలోచించుకుంట మధ్యల ఊరికెనే పెట్టే మాటలు, సౌండ్లు. ఒక ముక్క ఉన్నదున్నట్టు రాస్తున్న:

"అప్పుడూఊ... ఆఁ... గదే... ఏటూరునాగారం పొయ్యే బండి ఉండె గదా, అంటే నైట్ హాల్ట్ బండి అన్నట్టు, ఇగ మేమేం జేస్తుంటిమంటే... ఆఁ... ఇగ ఆ బండిలనే పండుకుంటుంటిమి."

ఫిల్లర్స్ వాటంతట అవే తీసేసే బటన్ ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ల ఈ ముక్క పెట్టి చూసిన. "ఆఁ" తోపాటు "ఆ బండిల" అన్నకాడ "ఆ" గుడ పోయింది. ట్రాన్స్‌క్రిప్ట్‌ల "జేస్తుంటిమంటే" అన్నది "జేస్తుంటిమి అంటే" అని విడదీసి పడ్డది, "అంటే" అని వెతికి తీసేస్తే ఆ మాట సగంల తెగింది. మిగిలిన కోతల కాడ టిక్కు టిక్కుమని సౌండ్. ఇగ చేత్తోనే చేద్దామని అనుకుంటున్న. ఏవి తీయాలె, ఏవి ఉంచాలె, అతుకు తెల్వకుండ ఎట్ల కలపాలె? ఆయన మాట ఆయన మాట లెక్కనే ఉండాలె, అది నాకు ముఖ్యం.

కృష్ణలంక_ఎడిటర్:

ముందు ఒక మాట అండి, ఆటో బటన్ పక్కన పెట్టేసి మంచి పని చేశారు. అవి ఎక్కువగా ఇంగ్లీష్ మాట మీద తయారైనవి, మన మాటకి పనికిరావు, దానికి కారణం కూడా ఉంది. ఇంగ్లీష్‌లో ఆలోచించుకునేటప్పుడు మధ్యలో "అమ్" అని విడిగా ఒక శబ్దం పెడతారు, అది తీసేస్తే అయిపోతుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ఆగుతాయి కదా, అందుకని మనవాళ్లు విడిగా శబ్దం పెట్టక్కర్లేకుండా చివరి అచ్చునే సాగదీస్తారు. మీరు రాసిన ముక్కలో మొదటి ఫిల్లర్ "ఆఁ" కాదు, "అప్పుడూఊ" లో ఉన్న ఆ ఊ. దాన్ని ఏ లిస్టులో పెట్టి వెతుకుతారు చెప్పండి.

దాన్ని తీసేయకూడదు, పొట్టి చేయాలి. వేవ్‌ఫామ్, అంటే స్క్రీన్ మీద కనిపించే శబ్దం గీత, బాగా జూమ్ చేస్తే సాగదీసిన అచ్చులో ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వస్తూ కనిపిస్తుంది, మగ గొంతు 100 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ఉంటే ఒక్కో ఆకారం 7 నుంచి 10 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆ ఆకారాలు పూర్తిగా కొన్ని పోయేలా, సగంలో తెగకుండా మధ్యలోంచి తీయండి. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే సెలెక్ట్ చేసి జెడ్ నొక్కితే రెండు కొసలూ జీరో క్రాసింగ్‌కి, అంటే ఆ గీత మధ్య గీతని దాటే చోటికి వెళ్తాయి, టిక్కు సౌండ్ చాలా మటుకు అక్కడే పోతుంది. అచ్చు మొదలు, చివర ముట్టుకోవద్దు, ఎందుకంటే సాగదీసేటప్పుడు గొంతు స్థాయి మెల్లగా దిగుతుంటుంది, ఎక్కువ తీసేస్తే అతుకు దగ్గర గొంతు మెట్టు దిగినట్టు వినిపిస్తుంది. అలా వినిపిస్తే ఇంకొంచెం తక్కువ తీయండి, అంతే, వేరే మందు లేదు.

ఇక విడిగా ఉన్న "ఆఁ"లు. ఎక్కడ కోయాలనేది దాని తర్వాత వచ్చే అక్షరం చెబుతుంది. క, ట, త, ప లాంటివి వస్తే మీకు పండగే, ఆ అక్షరం పలికే ముందు నోరు మూసుకుని ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది, కొన్ని పదుల మిల్లీసెకన్లు, కోత అక్కడ పెట్టండి. స, శ వస్తే ఆ బుస మొదలయ్యే చోట కోయండి, బుసలో అతుకు కలిసిపోతుంది. య, వ, ర, ల, మ, న వస్తే కష్టం, ముందు అచ్చు అందులోకి జారిపోయి ఉంటుంది, బలవంతంగా కోస్తే "రోడ్డు" కాస్తా "ఓడ్డు" అవుతుంది. అలాంటి చోట ఆ "ఆఁ" ఉండనివ్వండి, వినేవాళ్లకి ఏమీ అడ్డు కాదు.

ఊపిరి సంగతి చాలామంది పట్టించుకోరు. పెద్దవాళ్లు చాలాసార్లు "ఆఁ"కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఊపిరి తీసుకుంటారు. మధ్యలో "ఆఁ" ఒక్కటే తీస్తే రెండు ఊపిర్లు పక్కపక్కన పడి మనిషి ఆయాసపడుతున్నట్టు ఉంటుంది. కాబట్టి ఫిల్లర్‌తో పాటు ఒక ఊపిరి కూడా తీసేయండి, ఏది తీయాలంటే మొదటిది, తర్వాత మాటకి అతుక్కుని ఉన్నది దాని సొంత ఊపిరి. అలాగని ఊపిర్లన్నీ తీసేస్తే మనిషి మాట్లాడినట్టుండదు.

"అంటే" సంగతి వేరు. "నైట్ హాల్ట్ బండి అన్నట్టు" అనే ముందు వచ్చిన "అంటే" ఫిల్లర్ కాదు, ఆయన మీకు వివరం చెబుతున్నాడు, అది ఉండాలి. వాక్యం చివర "అన్నట్టు", మా వైపు "అన్నమాట", ఇవి తీస్తే ఇంకో చిక్కు. గొంతు దిగడం ఆ చివరి మాటలోనే జరుగుతుంది, అది తీసేస్తే ముందు మాట పైన గాల్లో వేలాడుతూ ఆగుతుంది, ఇంకా ఏదో చెప్పబోతున్నాడు అనిపిస్తుంది. వరసగా నాలుగు వాక్యాలకి "అన్నట్టు" వచ్చినా సరే, గొంతు ముందు మాటలోనే దిగిపోయిన చోట మాత్రమే తీయండి.

మీ ముక్కని నేనైతే ఇలా చేస్తాను: "అప్పుడు... ఏటూరునాగారం పొయ్యే బండి ఉండె గదా, అంటే నైట్ హాల్ట్ బండి అన్నట్టు, ఇగ మేమేం జేస్తుంటిమంటే... ఇగ ఆ బండిలనే పండుకుంటుంటిమి." రెండో "ఇగ" తీయాలనిపిస్తుంది కానీ తీయను, ఆయన మాటకి నడక దాంతోనే వస్తోంది.

రోజూ_ట్రైన్‌లో:

నేను ఇంత జాగ్రత్తగా చేయను, ఇంకా ఎక్కువ కట్ చేస్తా. వినేవాళ్ల వైపు నుంచి కూడా ఆలోచించాలి బ్రో, చాలామంది బస్సులో ట్రైన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటారు, మొదటి ఐదు నిమిషాల్లో మనిషి మాట పట్టుబడకపోతే వేరేదానికి వెళ్లిపోతారు, ఆ సార్ ముచ్చట ఎంత గొప్పదైనా వినేవాళ్లే లేకపోతే ఏం లాభం. అందుకే నేను మొదట్లో గట్టిగా తీస్తా, తర్వాత పోను పోను తగ్గిస్తా, అప్పటికి వినేవాళ్లకి ఆ మనిషి మాట తీరు అలవాటైపోయి ఫిల్లర్స్ చెవికి తగలవు. ప్రశ్న అడగ్గానే వచ్చే "ఆఁ... అదే... ఏందంటే" అనే గుంపు ఎక్కడొచ్చినా తీసేయొచ్చు, అక్కడ ఆయన ఇంకా ఏమీ మొదలుపెట్టలేదు కాబట్టి అర్థం పోదు, అతుకు కూడా తేలిక. ఇంకోటి, మీ గొంతులో ఉన్న "సో", "యాక్చువల్లీ", "ఓకే ఓకే" ఇవి మాత్రం మొహమాటం లేకుండా పీకేయండి, అడిగేవాళ్లవి ఎంత తక్కువుంటే అంత మంచిది.

స్పూల్_టేపు:

నేను రేడియోలో టేపు కోసిన కాలం మనిషిని. అప్పట్లో టేపు సెకనుకి ఏడున్నర అంగుళాలు నడిచేది, అంటే 19 సెంటీమీటర్లు. అర సెకను "ఆఁ" తీయాలంటే తొమ్మిదిన్నర సెంటీమీటర్ల టేపు కోయాలి. రీళ్లని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ శబ్దం ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లాకులో పెట్టి బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించేవాళ్లం. ఏటవాలు ఎందుకంటే పావు అంగుళం టేపు మీద 45 డిగ్రీల కోత పెడితే ఒక ముక్క తగ్గుతూ ఇంకో ముక్క పెరుగుతూ సుమారు 33 మిల్లీసెకన్ల పాటు రెండూ కలుస్తాయి. మీరు ఇప్పుడు క్రాస్‌ఫేడ్ అనేది అదే. కాబట్టి మీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అతుకుకీ 10 నుంచి 30 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ పెట్టుకోండి, టిక్కుమనదు.

నేను చెప్పాలనుకున్నది వేరే ఇంకొకటి. కోత పెట్టిన ప్రతిసారీ అంత శ్రమ కాబట్టి ఇది నిజంగా తీయాలా అని ఆగి ఆలోచించేవాళ్లం. ఇప్పుడు కీ నొక్కితే పోతుంది కాబట్టి కళ్లకి కనిపించినదల్లా తీసేస్తున్నారు. స్క్రీన్ చూస్తూ నిర్ణయించకండి. ఒకసారి మొత్తం కళ్లు మూసుకుని వినండి, చెవికి అడ్డు తగిలిన చోట మాత్రం గుర్తు పెట్టండి, ఆడాసిటీలో ప్లే అవుతుండగా కంట్రోల్ ఎమ్ నొక్కితే లేబుల్ పడుతుంది. గుర్తు పడని ఫిల్లర్ జోలికి వెళ్లొద్దు. మీకు వినపడనిది శ్రోతకీ వినపడదు.

ఓరుగల్లు_శ్రోత:

చాలా థాంక్స్ అందరికి. కృష్ణలంక అన్నా, ఆ త, ప ల ముందటి నిశ్శబ్దంల కోసుడు ఇప్పుడే చేసి చూసిన, అతుకు ఏడున్నదో నాకే దొరుకుతలేదు. ఇంకో రెండు అడుగుత. ఆయన ఇంట్ల సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండె, కోసిన కాడల్లా ఆ ఫ్యాన్ సౌండ్ ఎగిరినట్టు వస్తంది. రెండోది, నేను ఆయన మాట్లాడుతుంటే మధ్యల "ఊఁ", "ఆఁ", "అవునా" అనుకుంట కూసున్న, ఒకటే మైక్, అవి ఆయన మాట మీదనే పడ్డయి. అవి తీయొస్తదా?

కృష్ణలంక_ఎడిటర్:

ఫ్యాన్‌కి ఉపాయం ఉంది. రికార్డింగ్‌లో ఎవరూ మాట్లాడని, ఊపిరి కూడా లేని ముక్క వెతకండి, గంట రికార్డింగ్‌లో మూడు నాలుగు సెకన్లదైనా దొరుకుతుంది. దాన్ని రెండో ట్రాక్‌లో చివరిదాకా కింద పరిచేయండి, క్రాస్‌ఫేడ్‌తో ఒకదానికొకటి కలుపుతూ, తక్కువ లెవెల్‌లో. కింద ఆ గదిసౌండ్ ఎడతెగకుండా నడుస్తుంటే పైన ఫ్యాన్ సౌండ్ ఎగిరే చోట్లు కప్పబడిపోతాయి. ఫిల్లర్ తీసిన చోట ఖాళీ ఉంచాల్సి వస్తే కూడా ఆ ముక్కే పెట్టండి, సైలెన్స్ అసలు పెట్టొద్దు, ఒక్కసారి అంతా ఆగిపోతే వినేవాళ్లు ఫోన్ చూసుకుంటారు. ఇంకోటి, కంప్రెసర్ ఆన్ చేసుకుని అతుకులు చెక్ చేయండి. కంప్రెసర్ గట్టి మాటని నొక్కి మొత్తం లెవెల్ పైకి లేపుతుంది కాబట్టి చిన్న శబ్దాలు, ఊపిర్లు, ఫ్యాన్ అన్నీ పైకి వస్తాయి, ముందు వినపడని అతుకులు చివర్లో బయటపడతాయి. ఫైనల్ లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గర పెట్టుకుంటే ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌కి సరిపోతుంది.

ఆయన మాట మీద పడ్డ మీ "ఊఁ"లు మాత్రం ఒకే మైక్ కాబట్టి శుభ్రంగా రావు, వదిలేయండి. ఆయన ఆగినప్పుడు విడిగా పడినవి తీసి ఆ చోట గదిసౌండ్ పెట్టండి. అలాగని తర్వాతసారి నోరు మూసుకుని కూర్చోవద్దు, మన పెద్దవాళ్లకి ఊ కొట్టే మనిషి లేకపోతే కథ ముందుకి సాగదు, రెండు నిమిషాల్లో "వింటున్నావా" అని అడుగుతారు. ఇద్దరికీ రెండు కాలర్ మైకులు పెట్టి రెండు ట్రాకుల్లో తీసుకోండి, మీ ట్రాక్‌లో "ఊఁ"లు మ్యూట్ చేసుకోవచ్చు. ఆయన మైక్‌లో కూడా మీ గొంతు కొంచెం పడుతుంది కానీ అది దూరంగా ఉంటుంది, ఇబ్బంది లేదు.

మాటలమూట:

నేను భాషాశాస్త్రం చదువుతున్నాను, మా పనికి ఫిల్లర్స్ ఉన్న రికార్డింగే కావాలి, కాబట్టి నా అభ్యర్థన ఒకటి. మీ ఒరిజినల్ వేవ్ ఫైల్ ఒక్క కోత కూడా లేకుండా విడిగా దాచండి, రెండు చోట్ల. ఎడిట్ అంతా కాపీ మీద చేయండి. మీ వైపు "గదే", "ఏందంటే", "ఇగ" ఏ చోట ఎలా వాడతారో రేపు తెలుసుకోవాలంటే ఇలాంటి రికార్డింగులే ఆధారం, ట్రాన్స్‌క్రిప్షన్ మోడల్స్ అయితే తరచుగా ఫిల్లర్స్‌ని రాయకుండానే దాటేస్తాయి.

ఎడిట్‌లో కూడా ఒకటి చూసుకోండి. క్లార్క్, ఫాక్స్ ట్రీ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఇంగ్లీష్ మీద ఒక పేపర్ రాశారు, మాట్లాడేవాళ్లు చిన్న ఆలస్యం ముందు ఒకరకం శబ్దం, పెద్ద ఆలస్యం ముందు ఇంకోరకం శబ్దం వాడతారని, అవి వినేవాళ్లకి సంకేతాలని. మన మాటలో కూడా ఫిల్లర్ సంకేతంగా పనిచేసే చోట్లు ఉంటాయి, ముఖ్యంగా సంవత్సరం, మనిషి పేరు, లెక్క చెప్పేముందు. "ఆఁ... డెబ్బై... డెబ్బై ఎనిమిదో ఏమో" అని ఒక పెద్దాయన అంటే ఆయనకి ఖాయంగా గుర్తులేదని అర్థం. అక్కడ ఫిల్లర్ తీసి "డెబ్బై ఎనిమిదో" అని గట్టిగా చెప్పినట్టు అతికిస్తే ఆయన చెప్పనిది చెప్పినట్టు అవుతుంది. అలాగే బాధ కలిగించే సంగతి ముందు వచ్చే ఆగుడు, గొంతు సవరించుకోవడం, అవి ముట్టుకోవద్దు. ఎడిట్ అయ్యాక ఆయనకి ఒకసారి వినిపించండి కూడా.

ఓరుగల్లు_శ్రోత:

ఇది మంచి మాట చెప్పిండ్రు. యాక్సిడెంట్ అయిన దినం గురించి చెప్పేటప్పుడు చాలాసేపు ఆగిండు సార్, ఆడ ఫిల్లర్స్ ఎక్కువున్నయని అక్కడికెల్లే ఎడిటింగ్ మొదలుపెడదామనుకున్న. ఆ భాగం అట్లనే ఉంచుత. ఆదివారం పొయ్యి ఆయనకు మొదటి అరగంట వినిపిస్త, ఇంట్ల వాళ్లు గుడ ఉంటరు, వాళ్లు ఏ కాడ "గిది నాన్న మాట్లాడినట్టు లేదు" అంటే ఆ కాడ కోసింది వాపస్ పెడత.

స్పూల్_టేపు:

ఇంట్లో వాళ్లకి వినిపించడం చాలా మంచి పద్ధతి. ఫోన్ స్పీకర్‌లో కాకుండా కాస్త మంచి స్పీకర్ తీసుకెళ్లండి, ప్రాజెక్ట్ ఫైల్ ఉన్న లాప్‌టాప్ కూడా పట్టుకెళ్లండి, వాళ్లు చెప్పగానే అక్కడే లేబుల్ పెట్టుకోవచ్చు.