40 కౌంట్, 60 కౌంట్ కలిస్తే 50 ఆ, 48 ఆ?

ఇందుకూరుపేట_నాన్న:
మావాడు పదో తరగతి. ట్యూషన్లో పరీక్ష పెట్టారు. "ఒక గుంటలో రొయ్యలు 40 కౌంట్, ఇంకో గుంటలో 60. రెండూ కలిపితే సగటు కౌంట్ ఎంత?" వాడు 48 రాశాడు. 50 రావాలని సున్నా వేశారు. ఎవరిది రైటు?

లెక్కలసారు_ఒంగోలు:
50. కూడి రెండుతో భాగించడమే సగటు. ఇందులో చర్చేముంది?

గెనిమమీదోడు:
ఉంది సార్. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని. రెండు గుంటల్లోనూ తలా 60,000 రొయ్యలు బతికాయనుకోండి. 40 కౌంట్ గుంటలో 1500 కిలోలు, 60 కౌంట్ గుంటలో 1000 కిలోలు. మొత్తం 1,20,000 రొయ్యలు, 2500 కిలోలు. భాగించండి, 48. నెల్లూరు నుంచి కావలి 60 కిలోమీటర్లనుకుని, గంటకు 60 వేగంతో పోయి 40తో తిరిగొస్తే సగటు వేగం 48 వచ్చేది కూడా ఇట్లానే.

లెక్కలసారు_ఒంగోలు:
రొయ్యలేమన్నా బస్సులా? ప్రశ్నలో 60,000 ఎక్కడుంది? సొంతంగా కల్పించుకుని రాస్తే మార్కులెవరిస్తారు?

కొత్తపట్నం99:
50 కూడా కల్పించుకున్నదే గదా సార్. రెండు గుంటల్లో బరువు సమానమైతేనే 50. అదీ ప్రశ్నలో లేదు.

గెనిమమీదోడు:
అదీ మాట! స్టాటిస్టిక్స్ పాఠంలో విలువని పౌనఃపున్యంతో గుణించి కూడే సూత్రం మీరు చెప్పేదే గదా. ఇక్కడ పౌనఃపున్యం కిలోలు. అది ఇవ్వకుండా లెక్కేంది?

లెక్కలసారు_ఒంగోలు:
ఇరవై రెండేళ్లుగా చెప్తున్నా. నాకు పౌనఃపున్యం నేర్పొద్దు. నలభై మంది పేపర్లు దిద్దేటప్పుడు ఒక్కొక్కడి ఊహనీ విచారించలేం. ఒక మార్కు కోసం ఇంత రభసా?

అల్లూరు_బాబాయ్:
రొయ్యలు వనామీ రకమా, టైగర్ రకమా?

ఇందుకూరుపేట_నాన్న:
మార్కు కాదు సార్. సంక్రాంతి ముందు మా రెండు గుంటలూ ఒకేసారి పట్టుబడి చేశాం. ఏజెంటు గుంటకి ఒక్క వల విసిరాడు, 40, 60 అన్నాడు, గెనిమ (గట్టు) మీద నిలబడే "50 కౌంట్ రేటు" అని తేల్చేశాడు. కాటా మీద 1500, 1000 పడ్డాయి. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, రేటెక్కువ గదా. రెండు కౌంట్ల తేడాకి కిలోకి పది రూపాయలే అనుకున్నా పాతికవేలు పోయినట్టే. మావాడు పక్కనే నిలబడి చూశాడు. ఆ రాత్రి నోట్సు వెనక లెక్క వేసుకుని వచ్చి, "నాన్నా, 48" అన్నాడు. వాడికి ఆ లెక్క ఎవరూ నేర్పలా.

గెనిమమీదోడు:
అన్నా, 48 కూడా నమ్మొద్దు. ఒక్క వలతో ఏం తెలుస్తుంది? నాలుగు మూలలా, మధ్యలోనూ విసరాలి. వల ఎక్కడ పడాలో కొనేవాడే తేలిస్తే ఎంత మంచి సూత్రమైనా వాడి పక్షమే.

లెక్కలసారు_ఒంగోలు:
ఏజెంటు తప్పుకి టీచర్ని తిడితే ఎట్లా?

ఇందుకూరుపేట_నాన్న:
తిట్టలేదు సార్. ఆ ఏజెంటూ మీలాగే అన్నాడు, "కూడి రెండుతో భాగించా, ఇందులో చర్చేముంది" అని.

కొత్తపట్నం99:
😶

లెక్కలసారు_ఒంగోలు:
అబ్బాయిని పేపర్ తీసుకుని వాళ్ల సారు దగ్గరికి పొమ్మనండి. కిలోలు ఇవ్వలేదని అడగమనండి. కానీ 50 తప్పంటే మాత్రం నేనొప్పుకోను.

అల్లూరు_బాబాయ్:
ఇంతకీ ఈ వారం 40 కౌంట్ ఎంత పలుకుతోంది?