సమస్యాపూరణం: నిద్రపోవువాఁడె నేర్పుకాఁడు

ఈ వారం సమస్య పై పాదమే, ఆటవెలది చివరి పాదం. విషయం ఫోన్ చిప్పులోని పెద్ద కోర్లు, చిన్న కోర్లు (కోరు అంటే చిప్పులో లెక్కలు చేసే భాగం). 2011 అక్టోబరులో చిప్పుల నమూనాలు గీసే ఏఆర్‌ఎం సంస్థ, పెద్ద కోరు కార్టెక్స్-ఏ15 పక్కన చిన్న కోరు కార్టెక్స్-ఏ7ను చేర్చి ‘బిగ్.లిటిల్’ అని పేరు పెట్టింది. అక్కడి నుంచి ఏ కాలమైనా తీసుకోండి.

గుంటూరు మాస్టారి పూరణ:

పెద్దకోరు లేచి పెనుగులాడుట యేల
చిన్న పనికి? చాలుఁ జిన్నకోరు;
బ్యాటరీని గాచి పనివేళ దాఁకను
నిద్రపోవువాఁడె నేర్పుకాఁడు.

నిర్వాహకుడు: మాస్టారూ, ‘పెనుగులాడుట’ దగ్గర ఆగిపోయాను. ఏ7 ఆదేశాలను వచ్చిన వరసలోనే చేసుకుపోతుంది. ఏ15 అలా కాదు, ముందున్నది ఆగితే వెనకవాటిలో సిద్ధంగా ఉన్నదాన్ని వెతికి పట్టుకుంటుంది. ఆ వెతుకులాటకే కరెంటు ఎక్కువ. రాత్రి రైల్లో స్క్రీన్ ఆపి పాటలు వింటుంటే ఫోన్ చల్లగా ఉంది, కిటికీలోంచి వీడియో తీయగానే వెనక వేడెక్కింది. మీ పద్యం అప్పుడు చేతికి తగిలింది. బ్యా-ప యతి కూడా చక్కగా కుదిరింది. రెండు కోర్లకూ ఆదేశాల భాష ఒకటే కాబట్టే పని మధ్యలో చేతులు మారగలదు. ఆ సంగతి ఎవరైనా పద్యంలో పెడితే బాగుండును.

నిజామాబాద్ సభ్యురాలి పూరణ:

ఎనిమిదుండి నాల్గె యెపుడును పనిచేసె
మొదటి చిప్పులోన ముఠలు గట్టి;
ఒకరు మేలుకొనిన నొకరికి విశ్రాంతి,
నిద్రపోవువాఁడె నేర్పుకాఁడు.

నిర్వాహకుడు: ఇది 2013 నాటి ఎక్సినాస్ 5 ఆక్టా, శామ్‌సంగ్ వారి ఎనిమిది కోర్ల చిప్పు. లెక్క సరైనదే, నాలుగు ఆగాకే మిగతా నాలుగు లేచేవి. కానీ ఒక్క బరువైన పని కోసం జట్టంతా మారాల్సి వచ్చేది. అందులో నేర్పు ఎక్కడుందమ్మా? మూడో పాదం నుంచి నాలుగోదానికి అన్వయం తెగింది. ‘ముఠా’ను ‘ముఠ’ చేయడమూ నప్పలేదు. ‘తొలుత చిప్పులోనఁ దోడు లేక’ అంటే యతి నిలుస్తుంది, ఆ జట్ల ఒంటరితనమూ తెలుస్తుంది.

సభ్యురాలు: హమాలీల ముఠా గుర్తొచ్చి వేశానండీ. మీ సవరణ తీసుకుంటున్నాను. అన్వయం మళ్లీ చూస్తాను.

బెంగళూరు సభ్యుడి పూరణ:

లేపువేళ యెఱిఁగి లేపు షెడ్యూలరు
లేని నాఁడు నిద్రలేమి మిగులు;
దాని పిలుపు వినఁగఁ దడవు సేయక లేచి
నిద్రపోవువాఁడె నేర్పుకాఁడు.

నిర్వాహకుడు: నేను ఎదురుచూసింది ఇదే. ఎన్ని కోర్లు పెట్టినా, పనులు పంచే షెడ్యూలరుకు ఏ పని ఎవరికి ఇవ్వాలో తెలియకపోతే దండగ. 2019లో లినక్స్ 5.0లో (ఆండ్రాయిడ్ ఫోన్లకూ పునాది ఈ లినక్సే) చేరిన షెడ్యూలింగ్ పద్ధతి, పనిని ఏ కోరుకిస్తే ఎంత కరెంటు పోతుందో అంచనా వేసి మరీ ఇస్తుంది. లేని-లేమి మెలిక ఎంత బాగుందో! అయితే మూడో పాదంలో లేచినవాడు ఏం చేశాడు? లేచి, వెంటనే పడుకున్నట్టు ఉంది.

సభ్యుడు: నిజమేనండీ, అసలు పనే వదిలేశాను. మూడో పాదం ఇలా మారుస్తున్నాను:

పిలువ లేచి, ముందుఁ బెట్టిన పనిచేసి