50-30-20 లెక్క నాకు కుదరడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
జీతం పడిన వారం బాగానే ఉంటుంది, ఇరవయ్యో తారీఖుకల్లా ఖాతా ఖాళీ. సగం అవసరాలకి, 30 శాతం సరదాలకి, 20 శాతం పొదుపుకి అంటారు కదా అని మూడు నెలలు ప్రతి ఖర్చూ నోట్‌బుక్‌లో రాశాను. అద్దె, సరుకులు, కరెంటు, పిల్లాడి ఫీజు, లోన్ ఈఎంఐ కలిపితేనే 64 శాతం! నెలాఖరుకి మిగిలింది దాచుదామంటే రెండు నెలలు ఏమీ మిగల్లేదు, మూడో నెల మిగిలిన కాస్తా బండి ఇన్సూరెన్స్‌కి పోయింది. ఈఎంఐ అవసరంలోకి వస్తుందా, పొదుపులోకా? రాత్రి పడుకుంటే ఇదే టెన్షన్.

జవాబు 1:
ముందు శాతాలు దేని మీద వేశారో చూడండి. పన్ను పోగా చేతికొచ్చే దాని మీద వేయాలి. ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమీలియా వారెన్ త్యాగి 2005లో రాసిన పుస్తకంతో ఈ లెక్క అందరికీ తెలిసింది, అందులోనూ అంతే. తప్పనిసరిగా కట్టాల్సిన ఈఎంఐ అవసరమే, అప్పు తొందరగా తీరాలని అదనంగా కట్టేది మాత్రం 20లోకి వస్తుంది. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే మాత్రం దాన్ని ముందు వదిలించుకోండి, ఆ వడ్డీ ముందు మీ పొదుపు మీద వచ్చే వడ్డీ ఏ మూలకీ సరిపోదు.

జవాబు 2:
మిగిలితే దాచుదాం అనుకుంటే ఎప్పటికీ మిగలదండీ, నేను ఐదేళ్లు అలాగే పోగొట్టుకున్నాను. జీతం పడిన మర్నాడే 5 శాతం వేరే ఖాతాకి దానంతటదే వెళ్లేలా పెట్టాను, ఆ ఖాతాకి కార్డు కూడా తీసుకోలేదు. జీతం పెరిగినప్పుడల్లా పెరిగిన దాంట్లో సగం అటే పంపాను, ఇప్పుడు 15 శాతానికి వచ్చింది. బండి ఇన్సూరెన్స్ లాంటివి అనుకోని ఖర్చులు కావు, ఏడాదికోసారి వచ్చేవన్నీ కూడి 12తో భాగించి నెలనెలా పక్కన పెట్టేయండి.

జవాబు 3:
సరుకుల బిల్లు మొత్తం అవసరంలో వేశారా? నేనూ అలాగే వేసేదాన్ని. ఒకరోజు బిల్లు ముందేసుకుని, లేకపోయినా గడిచే ప్రతిదాని పక్కనా పెన్నుతో టిక్ పెట్టుకుంటూ పోతే దాదాపు నాలుగో వంతు అవే. అలాగని సరదాలన్నీ ఆపేయకండి, రెండో నెలకే విసుగొచ్చి మొత్తం వదిలేస్తారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్సండీ. నేను వేసింది పన్ను పోగా వచ్చేదాని మీదే. సరుకుల బిల్లులు మూడు నెలలవీ ఉన్నాయి, ఈ రాత్రికి టిక్కులు పెడతాను. వచ్చే నెల నుంచి 5 శాతం ముందే పక్కకి.