చరణం హిందోళ రాగంలోకి జారిపోతోంది, పల్లవికి తిరిగి రావడం ఎలా?

ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్లుగా కీబోర్డు మీద సొంతంగా బాణీలు కడుతున్నాను. తప్పయితే సరిదిద్దడానికి గురువు లేరు. మోహన రాగంలో, ఆది తాళంలో పల్లవి బాగానే కుదురుతుంది. చరణంలో గాంధారం (గ) మీద కాస్త ఎక్కువసేపు నిలిస్తే చాలు, చెవికి అదే షడ్జమంలా (ఆధార స్వరమైన 'స'లా) తోచి పాట హిందోళంలోకి జారిపోతుంది. దీన్నే గ్రహభేదం అంటారని తర్వాత తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ మలుపు నాకు నచ్చింది, వదులుకోవాలని లేదు. చిక్కంతా తిరిగి రావడంలోనే. పల్లవి అందుకునేసరికి వేరే పాట మొదలైనట్టు ఉంటుంది. పోనీ అసలు షడ్జమాన్ని వినిపిస్తూ ఉండే తంబురా శ్రుతి ఆపకుండా పెడితే హిందోళం రంగే వెలిసిపోతోంది. చరణం చివరి ఆవర్తనంలో (తాళం ఒక చుట్టులో) అసలు షడ్జమాన్ని గట్టిగా వినిపించాలా, పంచమం (ప) మీదుగా మెల్లగా దిగాలా? రోజుకు అరగంటే తీరిక. దీనికి మీరైతే ఏ సాధన చేస్తారు?